చెరువూ చెరా ఒకే మూలం

శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పున ఉన్న రావిర్యాలను ఈనాటి నగరవాసి వండర్‌లా పార్కుతో గుర్తుపట్టినా, ఆ ఊరికి అంతకన్నా పాత గుర్తు పెద్ద చెరువు. కట్ట, తూము, మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే చోటు), శిఖం (నీరు నిలిచే నేల) అంటూ తెలంగాణ రైతులు చెరువులోని ఒక్కో భాగానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు గాని, అసలు చెరువు అనే మాట ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం వ్యుత్పత్తికారుల, అంటే మాటల పుట్టుకను వెతికేవారి, పనితనానికి గట్టి పరీక్ష.

పాత నిఘంటువుల్లో ఇది బండి ఱతో ‘చెఱువు’. ఖైదు అనే అర్థంలోని ‘చెఱ’కూ అదే ఱ. తమిళంలో ‘సిఱై’ ఇప్పుడు చెరసాలే అయినా ప్రాచీన సాహిత్యంలో ఆనకట్ట కూడా. మలయాళంలో ‘చిఱ’ కట్టా, చెరువూ. కన్నడంలో ‘కెరె’ కేవలం చెరువు. అడ్డగించి ఆపడమనే మూలార్థం వీటన్నిటికీ ఒకటే కనుక, ఆగింది నీరైతే చెరువైంది, మనిషైతే చెర అయింది.

అయితే అర్థాలు కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు. స్పానిష్‌లో ‘బుర్రో’ గాడిద, ఇటాలియన్‌లో అదే ‘బుర్రో’ వెన్న. మొదటిది లాటిన్ ‘బుర్రికుస్’ నుంచి, రెండవది ‘బుతీరుమ్’ నుంచి వచ్చాయి కాబట్టి పోలిక పైపైదే. అదే లాటిన్‌లో తల అనే అర్థం గల ‘కపుత్’ ఫ్రెంచిలో ‘షెఫ్’గా, ఇటాలియన్‌లో ‘కాపో’గా, స్పానిష్‌లో ‘కాబో’గా రూపం మార్చుకున్నా అవి తోబుట్టువులే. చుట్టరికాన్ని తేల్చేది ధ్వని నియమం. ఇ, ఎ అచ్చుల ముందు తెలుగులో ‘క’ ‘చ’గా మారింది, కన్నడంలో మారలేదు, దీన్నే తాలవ్యీకరణం అంటారు. కివి-చెవి, కెడు-చెడు జంటల సరసన కెరె-చెరువు చేరేది అందుకే. కన్నడంలో ఖైదుకు ‘సెరె’ అనే మాట కూడా ఉంది; నియమం ప్రకారం అక్కడ ‘క’ ఉండవలసింది కనుక అది పొరుగు భాష నుంచి వెళ్లిన ఎరువు మాటగా కనిపిస్తుంది.

బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడిన నాటికే తెలుగు అచ్చులో బండి ఱ వాడుక తగ్గిపోయింది. ర, ఱలు మూలంలో వేర్వేరు ధ్వనులు. తమిళం వాటిని నేటికీ వేర్వేరు అక్షరాలతో రాస్తుండగా, తెలుగు ముద్రణ సౌలభ్యం చూసుకుని ఒక సాక్ష్యాన్ని చేజార్చుకుంది. పత్రికలు దాన్ని తిరిగి తేనక్కరలేదు. ఇకపై అచ్చయ్యే నిఘంటువులు మాత్రం ‘చెరువు’ పక్కన ‘చెఱువు’ అన్న పాత రూపాన్ని తప్పక చూపాలి.