విత్తనం వచ్చింది, పుస్తకం రాలేదు

మా కొండ ఊళ్ళలో 'పరిశోధన' అనే మాట చాలామందికి తెలియదు. 'సర్వే' అంటే మాత్రం అందరికీ తెలుసు. సర్వేకి వచ్చినవాళ్ళు ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు, పోడు ఎంత, పెళ్ళికి ఓలి ఎంత, జ్వరమొస్తే ముందు ఎజ్జోడి దగ్గరకు వెళతారా ఆసుపత్రికి వెళతారా అని అడుగుతారు. రాసుకుంటారు. ఫోటోలు తీసుకుంటారు. మళ్ళీ కనిపించరు. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట, ఏ మండలంలో అడిగినా పెద్దలు ఇదే చెబుతారు. మొన్నటిదాకా శ్రీకాకుళం, విజయనగరం అన్నారు. 2022 నుంచి మాలో చాలామందిది పార్వతీపురం మన్యం జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గానీ ఈ పద్ధతి మారలేదు.

ఈ రాకపోకల మధ్యలో ఉండేవాళ్ళం ఆదివాసీ ఉపాధ్యాయులమైన మేము. యూనివర్సిటీ నుంచి ఎవరొచ్చినా బస్సు దిగి ముందు బడికే వస్తారు. వాళ్ళ ప్రశ్నను సవరలోకి, సవర ముసలమ్మ జవాబును తెలుగులోకి మార్చేది మేమే. ఆ మధ్యాహ్నం పిల్లల అన్నంలోంచే వాళ్ళకూ ఒక కంచం పెట్టేదీ మేమే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి "ఆ రాసుకెళ్ళినోళ్ళు ఏం రాసారు మేష్టారూ?" అని ఊళ్ళోవాళ్ళు అడిగేది కూడా మమ్మల్నే. చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఈ విమర్శ రాస్తున్నాం.

మాకు పరిశోధన మీద కోపం లేదు. మా భాషలు, మా పంటలు, మా రోగాల గురించి ఎవరైనా ఓపిగ్గా తెలుసుకుంటామంటే సంతోషమే. అడిగి తీసుకున్నదాన్ని అడిగినచోట తిరిగి చెప్పకపోవడం మీదే మా ఫిర్యాదు.

మా చుట్టూ యూనివర్సిటీలకు కరువు లేదు. 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో ఉంది. 2008లో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో ఉంది. 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం పక్కన కొండకరకంలో తాత్కాలికంగా మొదలైంది. పరిశోధనలు దాచి ఉంచారని కూడా అనలేం. పీహెచ్‌డీ గ్రంథాల కంప్యూటర్ ప్రతులు ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. అలా వచ్చినవి 'శోధగంగ' అనే భాండాగారంలో చేరుతున్నాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అయితే ఆ 'ఎవరైనా'లో మా ఊరు ఉందా? మా జీవితం మీద రాసిన గ్రంథాల్లో ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఒక్కొక్కటి వందల పేజీలు. ఫోన్ సిగ్నల్ కోసం చెట్టెక్కే చోట, ఆ గ్రంథం ఉందన్న సంగతే తెలియనివాళ్ళకు, తలుపు తెరిచే ఉందని చెప్పి ఏం లాభం? అందుబాటులో పెట్టడం వేరు, అందించడం వేరు. ఇన్నాళ్ళూ యూనివర్సిటీలు మొదటిది చేసి రెండోది చేశామనుకుంటున్నాయి.

అందించడం సాధ్యమేనా అని అడిగేవాళ్ళకు దూరం వెళ్ళి ఉదాహరణ తేవక్కర్లేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు మా పక్కవారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన బడిపంతులు. సంతకు దిగే సవరల మాట విని నేర్చుకోవాలనుకున్నారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయిందని చెబుతారు. భాష కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన.

మేము చూడమంటున్నది ఆయన కష్టాన్ని ఒక్కదాన్నే కాదు, ఆయన పనిచేసిన వరసను. లోకంలోని భాషా పండితులు మెచ్చిన ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో మద్రాసులో అచ్చయింది. నిఘంటువులూ వచ్చాయి. కానీ వ్యాకరణం కంటే ఎంతో ముందే ఆయన సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, పాటలు, కథలు పోగుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. నేర్చుకున్నది ముందు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పిల్లలకు చేరింది. తర్వాతే పండితులకు వెళ్ళింది. ఆయనకు పీహెచ్‌డీ లేదు, వెనక యూనివర్సిటీ లేదు. ఈనాటి వరస తలకిందులైంది. ముందు పట్టా, తర్వాత పత్రికలో వ్యాసం, తర్వాత ఉద్యోగం. పిల్లల వాచకం వంతు వచ్చేసరికి మనిషే కనిపించడు.

ఆయన పుట్టినరోజును ఏటా తెలుగు భాషా దినోత్సవంగా మా బడుల్లోనూ జరుపుతాం. ఫోటోకు దండ వేస్తాం, వ్యావహారిక భాషోద్యమం గురించి ప్రసంగాలు చదివిస్తాం. ఆ వరండాలో కూర్చున్న పిల్లల్లో సగం మంది ఇంట్లో సవర మాట్లాడతారు. ఆ రోజు ప్రసంగంలో సవర మాట ఒక్కటీ వినపడదు. ఆయన జీవితంలో మాకు చెందిన సగాన్ని కోసేసి మిగతా సగానికి పండుగ చేస్తున్నారు.

గిడుగు తర్వాత కూడా పెద్ద పని జరిగింది. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. అది గంజాం, కొరాపుట్ కొండల సవరల గురించి. వాళ్ళు మా చుట్టాలే. మా గోడ బొమ్మల అర్థం తెలుసుకోవాలన్నా అందులో వెతుక్కోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాషకు రాసిన వ్యాకరణాన్ని 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థే అచ్చువేసింది. రెండూ గొప్ప పుస్తకాలు. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. గిరిజనుల పేరు మీద పెట్టిన సంస్థ, ప్రభుత్వ డబ్బుతో వేసిన పుస్తకం కూడా కొండదొర బిడ్డ చదవగలిగే రూపంలో లేదంటే, తప్పు ఒక్క పండితుడిది కాదు. ఎవరి కోసం రాస్తున్నామన్న ప్రశ్నే ఆ ఏర్పాటులో లేదు.

ఒకసారి మాత్రం ఆ ప్రశ్న వేసుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మాతృభాషలో మొదలుపెట్టే బహుభాషా విద్య ఎనిమిది భాషల్లో వచ్చింది. సవర, కువి, కొండ భాషలు వాటిలో ఉన్నాయి. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ పని కోసం ఆదివాసీ ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు, భాషా నిపుణులు ఒకే చాప మీద కూర్చున్నారు. కందికొత్త పండుగ, అడ్డాకులు, జీలుగు చెట్టు పాఠాలయ్యాయి. మావాళ్ళు అక్కడ సమాచారం ఇచ్చేవాళ్ళుగా కాకుండా రాసేవాళ్ళుగా కూర్చున్నారు. పరిశోధన తిరిగి రావడమంటే ఎలా ఉంటుందో మేము కళ్ళతో చూసింది అప్పుడే. అందుకే ఆ పని ఏ సంవత్సరం నీరసించినా మాకు బాధ.

ఇక విత్తనం సంగతి. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం చోళ్ళ మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. పుస్తకాల్లో రాగులంటారు, మాకు చోళ్ళు. అక్కడినుంచి వచ్చిన రకాలకు మా ఏరుల పేర్లే పెట్టారు: చంపావతి, వేగావతి. వేగావతి గింజలో ఇనుము ఎక్కువ. రక్తహీనతతో తల తిరిగే మా ఆడపిల్లలకు అది చిన్న విషయం కాదు. ఆ పరిశోధన మీద వచ్చిన వ్యాసాలు మేము చదవలేదు. చదవకపోయినా ఫలితం సంచిలో వస్తుంది. గుమ్మలక్ష్మీపురం దగ్గర రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొత్త రకాన్ని రైతు పొలంలోనే వేసి చూపించడం అక్కడి వాళ్ళ ఉద్యోగం. రైతు చూస్తాడు. "ఈ వాలుకి ఇది ఆగదు బాబూ, మా పాత చోళ్ళే మేలు" అని చెప్పగలడు. ఆ మాట వెనక్కి వెళ్ళే దారి కూడా ఉంది.

అది లోపం లేని ఏర్పాటని మేము అనడం లేదు. విత్తనం సమయానికి రాని ఏడాదులున్నాయి. కానీ జ్ఞానాన్ని కొండెక్కించడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి అన్న ఆలోచన అందులో ఉంది. విత్తనానికి ఉన్న ఆ మనిషి మా భాషకు లేడు, మా పాటకు లేడు, మా రోగానికి లేడు. మానవశాస్త్ర శాఖకు, భాషాశాస్త్ర శాఖకు కృషి విజ్ఞాన కేంద్రం లాంటిది ఎందుకుండకూడదు?

పాట సంగతి ఒకటి చెప్పాలి. సీతంపేట వైపు మాకు తెలిసిన ఒక ఊళ్ళో, కందికొత్త పాటలు బాగా పాడే అవ్వ ఉండేది. ఒక పరిశోధక విద్యార్థి వచ్చి రెండు రాత్రులు ఆమె పాటలు రికార్డు చేసుకెళ్ళాడు. మంచివాడే, అవ్వకు చీర కూడా పెట్టాడు. మూడేళ్ళకు అవ్వ పోయింది. ఆమె గొంతు ఒక్కసారి వినాలని మనవరాలు అడిగితే మేము కబురు పెట్టాం. ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయాడన్నారు. రికార్డు శాఖలో ఉందో లేదో చూడాలన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. ఆ పాటల్లో కొన్ని ఊళ్ళో ఎవరికీ పూర్తిగా రావు. ఒక కాపీ ఆ రోజే ఊళ్ళో వదిలి వెళ్ళి ఉంటే అయ్యే ఖర్చు ఒక మెమరీ కార్డు.

రోగాల దగ్గరకు వస్తే బాకీ ఇంకా బరువు. మా కొండల కింద, సముద్రం పక్క ఉద్దానం మత్స్యకారులకు, జీడి కొబ్బరి రైతులకు కిడ్నీలు పోతున్నాయి. రెండు దశాబ్దాలకు పైగా ఎన్నో బృందాలు వచ్చి రక్తం, మూత్రం, నీరు, మట్టి పట్టుకెళ్ళాయి. వ్యాధికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. తేలకపోవడం శాస్త్రంలో నేరం కాదు. కానీ "ఇంతవరకు చూశాం, ఇది కాదని తెలిసింది, ఇది ఇంకా తెలియదు" అని రక్తమిచ్చిన ఊరికి వచ్చి చెప్పడం బాకీయే. ఆ మాట రాకపోతే ఆ ఖాళీని పుకారు నింపుతుంది. నీళ్ళని ఒకరు, మందులని ఒకరు, కర్మని ఒకరు చెబుతారు. మా కొండల్లో సికిల్ సెల్ పరీక్షలకు వేలు గుచ్చినప్పుడూ ఇదే నియమం ఉండాలి. గుచ్చిన వేలికి జవాబు రావాలి.

ఉపాధ్యాయులుగా మేము మరిచిపోకూడని సంగతి ఒకటుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. దానిపై పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో నివేదిక ఇచ్చింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవని అందులో ఉంది. తల్లిదండ్రుల బదులు సంతకం చేసింది మనలాంటి ఉద్యోగులే. జ్ఞానం పంచుకోవడం ఫలితం వచ్చాక మొదలయ్యే పని కాదు. ఎందుకు అడుగుతున్నారో తల్లికి ఆమె భాషలో చెప్పడంతోనే అది మొదలవుతుంది.

యూనివర్సిటీ వాళ్ళ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. విద్యార్థికి ఫెలోషిప్ నెలనెలా అందదు. ఇంగ్లీషు పత్రికలో వ్యాసం పడితేనే లెక్క. ఊరికి వచ్చి చెబితే ఒక్క మార్కు కూడా పడదు. అందుకే మేము విద్యార్థిని నిందించడం లేదు, లెక్క మార్చమని సంస్థను అడుగుతున్నాం. దక్షిణాఫ్రికాలో సాన్ ఆదివాసులు తమ దగ్గరకు వచ్చే పరిశోధకులు పాటించాల్సిన నియమావళిని 2017లో తామే రాసుకుని ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం ఉండాలన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్నారు. వాళ్ళు చేయగలిగింది మనమూ చేయగలం.

మేము అడిగేవి ఇవి. పట్టా ఇచ్చే ముందు ప్రతి గ్రంథానికి పది పేజీల తెలుగు సారాంశం ఉండాలి. సవర, కువి వంటి భాషల ఊళ్ళలో దాన్ని ఆ భాషలో గ్రామసభలో చదివి వినిపించాలి. ఒక ప్రతి ఊరి బడిలో, ఒక ప్రతి ఐటీడీఏ కార్యాలయంలో పెట్టాలి. రికార్డు చేసిన పాట, కథ కాపీ పాడినవాళ్ళ ఇంటికి చేరాలి. మాట ఇచ్చిన పెద్దలు ఇష్టపడితే వాళ్ళ పేరు పుస్తకంలో ఉండాలి. తప్పు రాశారని ఊరు అంటే ఆ మాట కూడా గ్రంథంలో చేరాలి.

ముందుగా ఇది చేయవలసింది గిరిజన విశ్వవిద్యాలయమే. 2014 విభజన చట్టంలో ఇచ్చిన హామీ మీద, మా పేరు మీద వచ్చిన సంస్థ అది. దాని సొంత భవనాలు మెంటాడ, దత్తిరాజేరు వైపు లేస్తాయి. గోడలతో పాటు ఒక గది, ఇద్దరు మనుషులు, కొండెక్కే ఒక జీపు ఈ పనికే కేటాయించమని మా కోరిక.

తోటి ఉపాధ్యాయులారా, అంతవరకు మనం ఊరకే కూర్చోనక్కర్లేదు. ఈసారి బడికి వచ్చిన పరిశోధకులకు అన్నం పెడదాం, మాటా మార్చిపెడదాం. వాళ్ళ పేరు, శాఖ, తిరిగి వచ్చి చెప్పే నెల బడి రిజిస్టరులో రాయించి సంతకం తీసుకుందాం. ఆ నెల దాటితే ఉత్తరం రాద్దాం. "ఏం రాసారు మేష్టారూ?" అని అడిగినవాళ్ళకు చూపించడానికి ముందు ఆ రిజిస్టరైనా మన దగ్గర ఉండాలి.