ఎవరి లెక్క, ఎవరి సాక్ష్యం?: బారో మద్యపాన అధ్యయనంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

మూలవాసుల మధ్య మద్యపానంపై పరిశోధన చేయదలచిన విద్యార్థులకు మనం సాధారణంగా ఇచ్చే సలహా ఒకటి ఉంది: ముందుగా అక్కడి పెద్దల అనుమతి తీసుకోండి అని. అనుమతే కాదు, ఆహ్వానం కూడా ఉన్న పరిశోధన ఎంత హాని చేయగలదో తెలుసుకోవాలంటే అలాస్కా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ మహాసముద్రపు ఒడ్డునున్న బారో పట్టణంలో 1979లో జరిగిన అధ్యయనాన్ని పరిశీలించాలి. (2016లో అక్కడి ప్రజలు ఓటు వేసి ఆ ఊరికి ఉట్కియాగ్విక్ అనే ఇనూపియాట్ పేరును తిరిగి పెట్టుకున్నారు.) ఆ అధ్యయన కర్తలలో ఒకరైన మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఫౌక్స్ పదేళ్ల తరువాత, 1989లో, ‘బారో అధ్యయనంలో కుదరని పొత్తులు’ అనే అర్థం వచ్చే శీర్షికతో తమ పనిని తామే సమీక్షించుకుంటూ ఒక వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసమే ఇక్కడ మన విమర్శకు ఆధారం.

నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుందాం. 1968లో ప్రుడో బే వద్ద చమురు బయటపడింది. 1972లో నార్త్ స్లోప్ బరో అనే స్థానిక పాలనా సంస్థ ఏర్పడింది. 1977లో పైపులైను పూర్తయింది. చమురు డబ్బు వచ్చింది, దానితోపాటు తాగుడు, ప్రమాదాలు, కొట్లాటలు పెరిగాయి. సమస్యను అధ్యయనం చేయమని కోరింది స్థానిక పాలకులే. ఫిలడెల్ఫియా నుండి వచ్చిన పరిశోధకులు 88 మందిని ప్రశ్నించారు. వారిలో 72 శాతం మంది మద్య వ్యసనపరుల స్థాయి మార్కులు పొందారని నివేదిక తేల్చింది.

ఈ 72 శాతం ఎలా వచ్చిందన్నది కాపరులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. వాడిన సాధనం 1971లో మెల్విన్ సెల్జర్ ప్రచురించిన మిషిగన్ పరీక్షాపత్రం. అందులో 25 ప్రశ్నలు ఉంటాయి, 5 మార్కులు వస్తే వ్యసనపరుడని ముద్ర. మీ తాగుడు విషయంలో ఎప్పుడైనా ఎవరి సహాయమైనా కోరారా అన్న ప్రశ్నకు అవునంటే ఒక్కసారే 5 మార్కులు. తాగుడు మానేవారి సహవాస కూటమికి ఎప్పుడైనా హాజరయ్యారా అన్నదానికీ 5. తాగుడుతో ముడిపడిన మనోవేదన గురించి వైద్యుని వద్దకో, సామాజిక కార్యకర్త వద్దకో, మతబోధకుని వద్దకో వెళ్లారా అన్నదానికి 2. ఈ ప్రశ్నలన్నిటిలోనూ ‘ఎప్పుడైనా’ అనే మాట ఉంది. అంటే ఇరవై ఏళ్ల క్రితం మీ గడప తొక్కి, మీతో కలిసి ప్రార్థించి, ఆనాటి నుండి చుక్క ముట్టని మనిషి కూడా ఈ లెక్కలో వ్యసనపరుడే అవుతాడు. వైద్యశాలలో రోగిని గుర్తించడానికి ఇటువంటి ప్రశ్నలు ఉపయోగపడవచ్చు. ఒక ఊరంతటినీ తూచడానికి ఆ తక్కెడ పనికిరాదు.

మరొక ప్రశ్న: మీ తాగుడు గురించి మీకెప్పుడైనా బాధ కలుగుతుందా? 1890 నుండి ప్రెస్బిటేరియన్ మిషన్ పనిచేసిన ఊరు బారో. తాగడం పాపమని మూడు తరాలు విన్న మనిషి ఒక్క గుక్క తాగినా బాధపడతాడు, అడిగితే దాచకుండా చెబుతాడు. ఆ నిజాయితీ కూడా రోగలక్షణంగానే లెక్కకెక్కింది. ఇది నా అభిప్రాయమే గాని, కొలత సాధనాన్ని అక్కడి ప్రజల జీవితానికి సరిపోల్చి చూడకుండా వాడారన్న విమర్శ ఆనాడే వచ్చింది.

అంతకంటే పెద్ద తప్పు ఫలితాల వెల్లడిలో జరిగింది. బారో ప్రజలు నివేదికను చదివి, చర్చించి, జవాబు చెప్పుకోకముందే ఫిలడెల్ఫియాలో అది పత్రికలకు చేరింది. 1980 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఎస్కిమోలను మద్యం పీడిస్తోందన్న శీర్షికతో వార్త వేసింది. ఒక ఊరి గురించిన లెక్క ఒక జాతి మొత్తానికి పేరైపోయింది. ఆ ప్రాంతపు బాండ్ల రేటింగు కూడా దెబ్బతిన్నదని తరువాత ఈ ఘటన గురించి రాసినవారు పేర్కొన్నారు. తమకు సహాయం కోసమని నోరు విప్పినవారు తమ గురించి పరాయి పత్రికలో చదువుకోవలసి వచ్చింది.

తన పనిలోని లోపాన్ని బహిరంగంగా రాసుకున్న పరిశోధకులు అరుదు. అందుకు ఫౌక్స్‌ను గౌరవించాలి. అయితే ‘కుదరని పొత్తు’ అనే మాట వద్దనే నాకు పేచీ ఉంది. సంబంధం కుదరకపోతే ఇరువైపులవారూ ఎవరి దారిన వారు పోతారు, నష్టం ఇద్దరికీ కొంత కొంత. ఇక్కడ ఒక పక్షానికి ప్రచురణ మిగిలింది, మరో పక్షానికి చెడ్డపేరు మిగిలింది. ప్రశ్నలు కూర్చే అధికారం, ఫలితాలను ఎప్పుడు ఎవరికి చెప్పాలో తేల్చే అధికారం మొదటినుండి ఒకే చేతిలో ఉన్నప్పుడు దానిని పొత్తు అనడమే సరికాదు. అలాగని ఆ లెక్కలు తప్పు కాబట్టి అసలు సమస్యే లేదని వాదించేవారితోనూ ఏకీభవించలేను. తాగుడు వల్ల చనిపోయినవారి సమాధుల వద్ద నిలిచిన కాపరి అలా అనలేడు.

మరో దారి కూడా అలాస్కాలోనే తెరుచుకుంది. తాగుబోతుల గురించి చాలా రాశారు, తాగుడు మానినవారి గురించి, అసలు తాగనివారి గురించి అడగండి అని అక్కడి మూలవాసుల నాయకులే అలాస్కా విశ్వవిద్యాలయపు జెరాల్డ్ మొహాట్ బృందాన్ని కోరారు. ‘పీపుల్ అవేకనింగ్’ అనే ఆ పరిశోధనపై 2004లో వ్యాసం వెలువడింది. అందులో మూలవాసులతో కూడిన సమన్వయ మండలి ప్రశ్నల రూపకల్పన నుండి ఫలితాల అర్థవివరణ వరకు పాలుపంచుకుంది. జీవితకథలు చెప్పినవారు తమ నిగ్రహానికి కారణంగా కుటుంబం పట్ల, జనం పట్ల బాధ్యతను చూపారు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పించే అలవాటు ఉన్నవారికి ఇది దగ్గరగా తోస్తుంది. కాని తేడా ఉంది: మనం సాక్ష్యానికి ముగింపు ముందే నిర్ణయిస్తాం, అక్కడ చెప్పేవారే నిర్ణయించారు. ఈ పద్ధతికీ పరిమితి లేకపోలేదు. నిలిచి గెలిచినవారి కథలు, ఓడి పోయినవారు ఎందరో చెప్పలేవు. పైగా ఇది ఏళ్ల తరబడి సాగే పని, రెండు నెలల క్షేత్ర పరిశోధనలో ఇమడదు.

ఇంతవరకు రాసి నా పని చెప్పకపోతే అన్యాయం. కొన్నేళ్ల క్రితం పాడేరు ఏజెన్సీలోని ఒక గ్రామానికి నేను కూడా ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లాను. మీ ఇంట్లో తాగేవారు ఎందరు అన్నది పదో ప్రశ్న. “ఏటి బాబూ, జీలుగు కల్లా, సీసా సరుకా?” అని ఒక పెద్దామె అడిగింది. ఆమె దృష్టిలో అవి రెండు వేర్వేరు సంగతులు: ఒకటి పండుగకు నలుగురూ కలిసి తాగేది, రెండోది అప్పుచేసి ఒంటరిగా తాగేది. నా పత్రంలో అందుకు గడి లేదు. రెంటికీ ఒకే టిక్కు పెట్టాను. ఆ శాతాలను మైదాన ప్రాంతంలో జరిగిన కాపరుల కూటమిలో చదివాను. ఆ గ్రామస్థులు ఒక్కరూ అక్కడ లేరు.

1996 నాటి పీసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వచ్చాయి. సారా దుకాణం విషయంలో నిర్ణయం చేయగల సభకు, దాని గురించిన ప్రశ్నపత్రాన్ని సరిచేసే హక్కు లేదని నేను ఏ ఆధారంతో అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఆ నివేదిక ప్రతి ఆ గ్రామానికి ఇంతవరకు చేరలేదు. ఈ వేసవిలో అటు వెళ్లే విద్యార్థి చేతికి దానిని ఇస్తున్నాను. అతడు దానిని గ్రామసభలో చదివి వినిపించాలి, పదో ప్రశ్నను ఎలా అడగాలో వారిచేతనే చెప్పించుకుని రాసుకోవాలి. వద్దు, అసలు అడగవద్దు అని వారంటే తిరిగి రావాలి.