డిప్పర్ చేతిలోని పుస్తకం ఎవరి పక్షం?

పిల్లల బొమ్మల కథలను మన విమర్శకులు సాహిత్య చర్చలోకి రానివ్వరు. 'చందమామ' పేరు గౌరవంగా ఎత్తేవారు కూడా టెలివిజన్ బొమ్మల కథ అనగానే పెదవి విరుస్తారు. కాని మేధావి అంటే ఎవరు, చదువు ఎందుకు అనే ఊహలు నా తరగతి పిల్లలలో ఏర్పడుతున్నది చాలావరకు అక్కడే. అందుకే అలెక్స్ హిర్ష్ రూపొందించగా 2012 నుండి 2016 వరకు అమెరికాలో డిస్నీ సంస్థ ప్రసారం చేసిన 'గ్రావిటీ ఫాల్స్'లోని డిప్పర్ పాత్రను పరిశీలించదలచాను.

డిప్పర్ పన్నెండేళ్ళవాడు. కవల అక్క మేబెల్ కంటే ఐదు నిమిషాలు చిన్న. సెలవులకు ఓరెగన్ అడవుల్లోని ఊరికి, వరసకు తాతయ్యే అయిన స్టాన్ ఇంటికి ఇద్దరూ వస్తారు. అడవిలో ఒక రాతప్రతి, మీద 3 అంకె వేసినది, డిప్పర్‌కు దొరుకుతుంది. అక్కడినుండి పుస్తకమే అతని కళ్ళు. ఇంతవరకు పాత మూసే.

పాత్ర అసలు పరీక్షకు నిలిచేది 2015లో వచ్చిన నార్త్‌వెస్ట్ భవంతి కథలో. ఊరిలో అందరికంటే ధనవంతులైన ఆ కుటుంబం తమ ఇంట్లో చొరబడిన దెయ్యాన్ని వదిలించమని డిప్పర్‌ను పిలిపిస్తుంది. మేబెల్‌కూ ఆమె స్నేహితురాళ్ళకూ విందు ఆహ్వానాలు ఇస్తే చాలునని అతడు ఒప్పుకుంటాడు. దెయ్యాన్ని వెండి అద్దంలో బంధిస్తాడు కూడా. తీరా ఆ దెయ్యం ఎవరు? నూటయాభై ఏళ్ళ క్రితం ఆ భవంతిని కట్టిన కలప కూలీ! ఏటా జరిగే విందులో ఊరందరికీ చోటిస్తామని మాటిచ్చి, పని పూర్తయ్యాక గేట్లు మూశారు. అంటే మన చదువరి తన విద్యతో బంధించింది బాకీ అడగడానికి వచ్చినవాణ్ణి. విద్య అద్దెకు పోవడమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన పిల్లల కథ నేను చూడలేదు. నిజం తెలిశాక డిప్పర్ ఆ కుటుంబాన్ని నిలదీస్తాడు. అంతమాత్రాన జరిగింది చెరిగిపోదు.

ముగింపు మాత్రం బలహీనం. ఇంటి అమ్మాయి పసిఫికా మనసు మారి గేట్లు తెరుస్తుంది, దెయ్యం శాంతిస్తుంది. నూటయాభై ఏళ్ళ బాకీ ఒక్క రాత్రి విందుతో తీరిపోయిందట! ఇది హృదయ పరివర్తన సిద్ధాంతం. మన నవలల్లోనూ కొదవలేదు.

ఇంకొక విషయం. రాతప్రతుల కర్త ఫోర్డ్ పెద్ద శాస్త్రజ్ఞుడు. స్టాన్‌కు కవల సోదరుడు. స్టాన్‌ను తండ్రి బడి చదువు పూర్తికాకముందే ఇంటినుండి గెంటేశాడు. అందరి దృష్టిలో అతడు గారడీ కొట్టు నడిపే మోసగాడు. అయినా ద్వారయంత్రంలో మాయమైన అన్నదమ్ముణ్ణి తిరిగి తేవడానికి ముప్పై ఏళ్ళు శాస్త్రం నేర్చుకున్నది స్టానే. ఈ కథలో నిజమైన చదువరి డిప్పర్ కాడు, స్టాన్ అని నా అభిప్రాయం. ఎందుకంటే అతని చదువుకు చివర ఒక మనిషి ఉన్నాడు.

ఫోర్డ్ తనకు శిష్యుడిగా ఉండిపొమ్మని, అంటే మేబెల్‌ను వదులుకోమని, అడిగినపుడు డిప్పర్ మొదట సరేనంటాడు. తర్వాత బిల్ అనే దుష్టశక్తి ఆ పుస్తకాలను కాల్చేస్తుంది; డిప్పర్ శిష్యరికం కాదని అక్క పక్కన నిలుస్తాడు. చివర స్టాన్ మతి పోగొట్టుకున్నపుడు దాన్ని తిరిగి తెచ్చింది ఫోర్డ్ రాసిన ఏ పుస్తకమూ కాదు, మేబెల్ సెలవులంతా ఫోటోలు అతికించి చేసుకున్న పుస్తకం.