అలివివల

కృష్ణాడెల్టా పడమటి భాగమున, బాపట్లకు రమారమి 9 కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంకకు మిత్రులతో కూడి పోయి, సముద్రస్నానము చేసి మరలివచ్చుట సామాన్యముగ అందరును చేయు పనియే. కాని వేకువనే యచ్చటికి చేరి, మత్స్యకారుల యనుమతి గొని, అలివివల త్రాటిని ఒక్క పర్యాయమైనను చేతబట్టి లాగినవానికి సముద్రము వేరొక విధముగ బోధపడును.

అలివివలనే పెద్దవల యనియు వ్యవహరింతురు. తమిళతీరమున కరవలై, సింహళమున మాదెల్ అను వలలును ఈ జాతివే. నడుమ సన్నని కన్నులుగల సంచి, దానికి ఇరుప్రక్కల దీర్ఘమైన రెక్కలు, పై అంచున బెండ్లు, క్రింది అంచున బరువులు, రెక్కల కొసలనుండి సాగిన పొడవైన త్రాళ్ళు: ఇదియే దాని నిర్మాణము. సంచికి దూరమగుకొలది రెక్కల కన్నులు పెద్దవగును. అంత పెద్ద కన్నులలోనుండి చేప సులభముగ దూరిపోదా యని మా మిత్రుడొకడు ప్రశ్నించెను. కాని కదలివచ్చు త్రాటిని, రెక్కను చూచి బెదరిన చేప వానిని దాటుటకు సాహసింపక సంచివైపునకే మరలును. కావున ఈ వల నూలుకంటె చేప భయముతోనే ఎక్కువగ అల్లబడినదని నా యభిప్రాయము.

ఒక త్రాటి కొసను ఒడ్డున నిలిచినవారు పట్టుకొనియుండగా, నావ సముద్రములోనికి పోయి, వలను అర్ధచంద్రాకారముగ విడుచుచు, రెండవ కొసను కొంత దూరమున మరల ఒడ్డునకు చేర్చును. అంతట రెండు జట్లవారును "హైలెస్సా" యని గొంతు కలిపి లాగుచు, వల సమీపించుకొలది ఒకరినొకరు చేరవత్తురు. ఇందలి నేర్పంతయు సమత్వమునందే యున్నది. ఒక జట్టు తొందరపడినచో వల ఒరగిపోవును. క్రింది అంచు నేలనుండి లేచినచో ఆ సందునుండి చేపలు జారిపోవును. బలశాలులగు యువకులు సైతము ఒక వృద్ధుని కేకకు లోబడి వేగము తగ్గించుట చూచి నేను మిక్కిలి ఆనందించితిని. సంచి ఒడ్డు చేరువేళ కొందరు నీటిలో దిగి పై అంచును ఎత్తి పట్టుకొందురు. ఏలయన కొయ్యంగలు బెండ్లమీదుగ ఎగిరి పారిపోగలవు.

కవళ్ళు, నెత్తళ్ళు, సావళ్ళు మున్నగువానిని వేరుచేసిన పిమ్మట, వలకును, నావకును, లాగినవారికిని పాళ్ళు పంచుదురు. ఏ యొక్క కుటుంబమును ఒంటరిగ లాగజాలని వల యగుటచేత, పలువురి జీవనము దీనితో ముడివడియున్నది.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధము. తెడ్లతో నడచు నావలకు ఆ నిషేధము లేదు. ఈ మినహాయింపు న్యాయమైనదే. వలలో తాబేలు చిక్కినను, వల ఒడ్డునకే వచ్చుటచే, దానిని ప్రాణముతో సముద్రమున విడువవచ్చును. కాని సంచి కన్నులు మిక్కిలి సన్ననివగుటచేత చేపపిల్లలు సైతము పట్టువడుచున్నవన్న నిందలో సత్యమున్నది. ఇందుకు వలను మాన్పింప నక్కరలేదు. కన్ను వెడల్పు చేసిన సంచులను మత్స్యకారులకు ప్రభుత్వమే సమకూర్చి, తొలియేళ్ళ నష్టమును తాను భరింపవలెను.