లెక్కయు, కావ్యమును: మానవుని గూర్చిన రెండు విద్యలు

మానవుని గూర్చి విచారించు విద్యలు రెండు తెగలుగా నున్నవి. ఆర్థికశాస్త్రము, సమాజశాస్త్రము, రాజనీతిశాస్త్రము మొదలగునవి సాంఘిక శాస్త్రములు. సాహిత్యము, తత్త్వము, భాష, కళలు మొదలగునవి మానవీయ విద్యలు. చరిత్ర ఈ రెండింటి సరిహద్దున నిలిచి, ఒకప్పుడిటు, ఒకప్పుడటు మొగ్గుచుండును. కళాశాలలలో ఈ రెండును 'ఆర్ట్సు' అను ఒకే గొడుగు క్రింద నుండుటచేత, రెండును ఒకటే యనియు, గణితము అందని వారికి మిగిలిన చదువులనియు మన యిండ్లలో ఒక అభిప్రాయము స్థిరపడినది. దీనికి తోడు తెలుగులో 'మానవీయ శాస్త్రములు' అని రెండవ దానికిని శాస్త్రమను తోక తగిలించితిమి. పేరు కలిసినంత మాత్రమున పని కలియదు. ఈ భేదమును గుర్తింపకపోవుటవలన కలుగు నష్టము పండితులకే కాదు, కన్నడదేశమున తరతరములుగా స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబములకు కూడ నున్నది.

మన పూర్వులకీ భేదము తెలియనిది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో వాఙ్మయమును శాస్త్రము, కావ్యము అని రెండుగా విభజించెను. ఐరోపాలో జర్మను తత్త్వవేత్త విల్‌హెల్మ్ డిల్తై, 1883 నాటి గ్రంథము మొదలుకొని, ప్రకృతిని వివరించు విద్యలు వేరు, మానవజీవితమును లోపలినుండి అర్థము చేసికొను విద్యలు వేరు అని వాదించెను. సాంఘిక శాస్త్రములు ఈ రెంటి నడుమ పెరిగినవి. వాటికిని మానవుడే విషయము. కాని కారణమును వెదకుట, పలుచోట్ల పోల్చి చూచుట, సాధ్యమైనచోట లెక్కించుట వాటి పద్ధతి.

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. పావగడ తాలూకా నాగలమడక హోబళిలోని బలసముద్రమును తీసికొందము. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములతో పాటు ఈ యూరి పొలములును సుమారు 13,000 ఎకరముల సౌరవిద్యుత్ క్షేత్రములో చేరినవి. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరకు పూర్తియైన ఈ క్షేత్రపు సామర్థ్యము 2,050 మెగావాట్లు. భూమిని కొనక, రైతులవద్ద కౌలుకు తీసికొనిరి. మొదట నిర్ణయమైన కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. సాంఘిక శాస్త్రజ్ఞుడు అడుగవలసిన ప్రశ్నలు స్పష్టము. కౌలు ఎవరికి చేరినది? సెంటు భూమి లేని కూలివానికి వేరుశనగ చేలలో దొరకు పని పోయినచో దానికి బదులేమి? గొర్రెలకు మేత యెక్కడ? ఆ సొమ్ము పిల్లల చదువునకు పోయినదా, పాత అప్పునకు పోయినదా? ఇంటింటికి పోయి విచారించినగాని వీనికి జవాబు రాదు. ఒక్క యింటి దుఃఖమును ఊరి దుఃఖముగా చూపుట యెంత సులభమో, ఒక్క యింటి భాగ్యమును ఊరి భాగ్యముగా చూపుటయు అంత సులభము. ఈ రెండు మోసములనుండి మనలను కాపాడునది లెక్క.

మానవీయ విద్య ఆ పొలముననే నిలిచి వేరు ప్రశ్నలు వేయును. తాతలు దున్నిన చేను కంచె కవతల నుండగా, కౌలు చేతికందుచున్నను, 'రైతు' అను మాటకు మిగిలిన అర్థమేమి? వాన చాలని సీమలో ఊరికి సముద్రమని పేరు పెట్టినవారి మనసేమి? అనంతపురము చేరువనున్న బుక్కరాయసముద్రము వలె, ఈ ప్రాంతపు ఊరిపేర్లలో సముద్రమనగా చెరువు. పొరుగూళ్ల పేర్లలోని 'చెర్లు' కూడ చెరువునే తలపించును. చెరువును సముద్రమని పిలుచుటలో నీటిపై ఆశ యున్నది, భక్తి యున్నది. ఇట్టి ప్రశ్నలు ఎక్కువమంది మాటనుబట్టి తేలునవి కావు. మాటను, పాటను, పేరును సావధానముగా చదివి, అర్థమును తగిన ఆధారముతో నిలుపవలెను.

కరవు విషయమున ఈ రెండు చూపులును మరింత తేటపడును. 1871 జనగణనలో 50 లక్షలు దాటిన మైసూరు సంస్థానపు జనసంఖ్య, 1876–78 నాటి మహాక్షామము తరువాత, 1881లో సుమారు 42 లక్షలకు దిగినది. గడులు నింపుటలోనే ఉద్యోగజీవితము గడపిన నావంటి గుమాస్తా ఈ అంకెలను తేలికగా చూడలేడు. లెక్క వ్రాయువాడు లేనిచో చచ్చినవారు మరల చచ్చినట్లే. అయినను ఆకలి యననేమో ఆ గడులు చెప్పవు. నందికొండలలో పుట్టి నాగలమడక ప్రక్కగా అనంతపుర సీమకు సాగు పెన్నను గూర్చి, విద్వాన్ విశ్వం గారు 1950ల దశకమున వ్రాసిన 'పెన్నేటి పాట' ఆ పని చేసినది. పేదలెందరను ప్రశ్నకు అందు తావులేదు. ఒక్క పేద దంపతుల బ్రతుకు చాలును. దానిని నాటి రాయలసీమ ఆర్థికస్థితికి సాక్ష్యమని మాత్రమే మెచ్చుకొను విమర్శకులు సగమే చదివినవారు. సాక్ష్యము మాత్రమే కావలెనన్న కచేరి కాగితము చాలును. నాటి వైభవమును, నేటి యిసుకను ప్రక్కప్రక్కన నిలిపి, ఆ అంతరమును మనచేత అనుభవింపజేయుటలో నున్నది ఆ కావ్యపు విలువ.

మరి రెండింటి నడుమ గోడ యున్నదా యని అడుగవచ్చును. గోడ లేదు, గట్టు కలదు. మైసూరున పుట్టిన సమాజశాస్త్రజ్ఞుడు ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో ఆ జిల్లాలోని ఒక గ్రామమున నివసించి, దానికి రాంపుర అను మారుపేరిడి పరిశోధించెను. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డున ఎవరో పెట్టిన నిప్పులో ఆయన సిద్ధపరచుకొనిన వ్రాతలు కాలిపోయెను. అటుపిమ్మట ముఖ్యముగా జ్ఞాపకముపై ఆధారపడి వ్రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' 1976లో వెలువడెను. అందు పట్టికలు వెనుకకు పోయి మనుష్యులు ముందుకు వచ్చిరి. అయినను అది నవల కాదు. అందలి మాట తప్పని మరొకరు ఆ ఊరికి పోయి చూపవచ్చును. నవలలోని ఊరికి పోయి తప్పు పట్టుట ఎవరి తరమును కాదు. శాస్త్రము తప్పు పట్టుటకు వీలుగా మాటాడును. కావ్యము మరల మరల చదువుటకు వీలుగా మాటాడును. దేని నిజాయితీ దానిది.

ఇక మన సంగతి. 2011 జనగణన ప్రకారము కర్ణాటకమున తెలుగు మాతృభాషగా చెప్పుకొనినవారు 35 లక్షలకు పైబడిరి. అనగా నూటికి సుమారు ఆరుగురు. ఈ అంకె మనకు అవసరము. అల్పసంఖ్యాకుల భాషకు బడియో, ఉపాధ్యాయుడో కావలెనని అడుగుటకు అది ఆధారము. కాని ఇంట తెలుగు మాటాడుచు, బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివి, తెలుగు అక్షర మెరుగని మనుమడును ఆ అంకెలో ఒకడే. శాస్త్రము ఇంకొక గడి గీసి అతనిని వేరుగా లెక్కింపగలదు, లెక్కింపవలెను కూడ. అతనికి వేమన పద్యపు రుచి చూపుట మాత్రము ఏ గడికిని చేతకాదు. అది ఇంటి పెద్దలు, ఉపాధ్యాయులు, సంఘ గ్రంథాలయములు చేయవలసిన పని.

కావున సంఘములవారు ప్రభుత్వమునకు అర్జీ వ్రాయునపుడు కన్నీటి పద్యములు మాని లెక్కలు సమకూర్చుకొనవలెను. పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొనినపుడు లెక్కలు ప్రక్కనబెట్టి పద్యము పట్టుకొనవలెను. కళాశాలలో చేరబోవు మన బిడ్డలు ఈ రెంటిలో దేనిని చదివినను మేలే. ఏ ప్రశ్నకు ఏ విద్య జవాబు చెప్పునో తెలిసి చదివినచో ఆ చదువు ఇంటికిని, ఊరికిని పనికివచ్చును.