హార్మోనీ పెట్టె, కులం సర్టిఫికెట్టు, పసిపిల్లాడు

మన పేటల్లోని చర్చీలు పాతికేళ్లకో యాభై ఏళ్లకో ఉత్సవ సంచికలు వేస్తుంటాయి. మిషనరీల ఫొటోలుంటాయి. పాదిరిగార్ల వరస ఉంటుంది. గోడకు సిమెంటు ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి. పాట నడిపినవాడికి మాత్రం రెండు లైన్లు దొరుకుతాయి: ప్రతిఫలం ఆశించకుండా ఇన్నేళ్లు సంగీత పరిచర్య చేశాడు, ప్రభువు ఆయన్ని ఆశీర్వదించుగాక. ఈ రెండు లైన్ల మీదే నా విమర్శ. ప్రతిఫలం లేని ఆ పని ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్న ఏ సంచికలోనూ కనపడదు.

నేను బయట నిలబడి రాళ్లేసేవాణ్ణి కాదు. గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లె చర్చిలో పద్నాలుగేళ్లు హార్మోనీ పెట్టె వాయించినవాణ్ణి. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ప్రైవేటు బడిలో పంతులు ఉద్యోగం పాలకు, మందులకు చాలలేదు. దాన్ని వదిలి పట్నంలో ఒక ఆసుపత్రి బిల్లుల కౌంటరులో చేరాను. అక్కడ ఆదివారం డ్యూటీ ఉంటుంది. పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నోడికి ఇంకా ఏడాది నిండలేదు. 'ఆదివారాన్ని అమ్ముకున్నాడు' అన్నారు సంఘంలో. ఆ మాట నన్ను చాలాకాలం పొడిచింది. తర్వాత దానిమీద ఆలోచించడం మొదలుపెట్టాను. ఇంతకీ ఈ ఆదివారం ఎవరిది? మనకెట్లా వచ్చింది?

చరిత్ర చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట కదిలిన మాదిగలు మొదట్లో పెట్టుకున్న నియమాలు మూడు: చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పనికి పోకూడదు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం కూడా మానేశారు. అందుకు దెబ్బలు తిన్నారు. దీన్ని మనవాళ్లు ఆత్మీయ విషయంగానే చెప్తారు. నాకైతే ఇది సమ్మెలాగా కనపడుతుంది. వెట్టికి సెలవు లేదు. పిలిచినప్పుడు పోవాలి, కొట్టమన్నప్పుడు కొట్టాలి. అట్లాంటి మనిషి వారానికి ఒక రోజు 'రాను' అన్నాడు. మాదిగవాడు తనకోసం సంపాదించుకున్న మొదటి సెలవు దినం ఆదివారం.

ఇంకొక సంగతి. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. 'అన్నం కోసం మతం' అని అగ్రవర్ణాలవాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అన్నం సంగతి పట్టని మతం మనకెందుకని ఎదురు అడగాలి. కూలి సంగతి, విశ్వాసం సంగతి పక్కపక్కనే నడిచిన చోట పుట్టిన సంఘాలు మనవి. అట్లాంటి సంఘమే ఇవాళ పాటవాడి జీతం గురించి, వాడి పిల్లల గురించి మాట్లాడితే ఆత్మీయత తక్కువైందంటుంది. ఈ తిరగబాటు ఎట్లా జరిగింది?

దీనికి జవాబు 'సేవ' అనే మాటలో ఉంది. ఊళ్లో డప్పు కొట్టిన మా తాత పనిని మనం వెట్టి అంటాం. సరైన మాటే. చర్చిలో ఆయన కొడుకూ మనవడూ వాయిస్తే సేవ అంటాం. రెండూ ఒకటే అని నేననను. హార్మోనీ మెట్ల మీద వేళ్లు పెట్టినప్పుడు మా నాన్న ఊరు చెప్పిన పని చెయ్యలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగమూ తాళమూ వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి బ్రాహ్మణ కుటుంబంలోంచి వచ్చిన కవులు రాసిన కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. వాటి భాష మన గూడేనిది కాదు. అయినా చదువు రాని మన ముసలమ్మలు వాటిని కంఠతా పట్టారు. మన కుర్రవాళ్లు డోలకు, తబలా చేర్చి వాటి నడక మార్చారు. సంగీతం మీకెందుకన్న లోకం ముందు అది చిన్న గెలుపు కాదు.

అయితే వెట్టికీ సేవకీ తేడా ఒక్కచోటే తేలుతుంది. 'ఇవాళ నా వల్ల కాదు' అనగలమా, అనలేమా? అనగలిగితే సేవ. అన్నవాణ్ణి పాపిని చేస్తే అది పేరు మారిన వెట్టి. సంగీతం నడిపేవాడి ఏడాది ఎట్లా ఉంటుందో చూడండి. నవంబరు నించి రాత్రిళ్లు ప్రాక్టీసు. డిసెంబరు అంతా ఇంటింటికీ క్యారల్స్. పండగ తెల్లారక ముందే ఆరాధన. డిసెంబరు 31 అర్ధరాత్రి కూడిక. మంచి శుక్రవారం పన్నెండు నించి మూడు దాకా ఏడు మాటలు. ఈస్టరు రోజు చీకటితోనే లేవాలి. మధ్యలో పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు. ఇవన్నీ ఇష్టంగా చేసినవాణ్ణే నేను. కానీ ఒక రాత్రి ప్రాక్టీసుకు బయల్దేరుతుంటే మా ఆవిడ అన్న మాట ఇది: "దేవుడి పనికి పోవద్దనటంలా. చిన్నోడికి ఒళ్లు కాలిపోతంది. మందు ఎవరు తెస్తారో చెప్పి పోయ్యా."

ఆ ప్రశ్నకు మన కుటుంబ సదస్సుల్లో చెప్పే జవాబు తెలుసు: దేవుడు మొదట, కుటుంబం తర్వాత, ఉద్యోగం చివర. వినడానికి బాగుంటుంది. ఇంటద్దె కట్టగా ఇంకా మిగిలే జీతం ఉన్నవాడికి ఈ వరస పనికొస్తుంది. ఉద్యోగం పోతే కుటుంబమే నిలవనివాడికి ఇది వరస కాదు, నేరారోపణ. మన సాక్ష్యాలు కూడా ఇట్లాంటివే. వాటిల్లో రెండు రకాల మనుషులే ఉంటారు. దేవుడి కోసం ఉద్యోగం వదిలినవాడు ఒకడు, ఉద్యోగం కోసం దేవుణ్ణి వదిలినవాడు ఇంకొకడు. రెండూ మోసే మనిషికి సాక్ష్యం లేదు. వలలు వదిలి వెంబడించిన పేతురు గురించి ప్రతి ఏడాదీ ప్రసంగం వింటాం. పేతురుకు అత్త ఉందని, అంటే భార్య ఉందని, మార్కు సువార్త మొదటి అధ్యాయమే చెప్తుంది. వలలు వదిలిన రోజు సాయంత్రం ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో ఎవరూ ప్రసంగించరు.

బైబిలు ఈ విషయంలో మన పెద్దల కంటే నయం. నెహెమ్యా 13వ అధ్యాయం చదవండి. లేవీయులకూ గాయకులకూ రావలసిన భాగాలు ఇవ్వలేదు. వాళ్లు మందిరం వదిలి ఎవరి పొలానికి వాళ్లు పోయారు. నెహెమ్యా వచ్చి కోప్పడింది ఆ గాయకుల మీద కాదు, అధికారుల మీద. తర్వాతనే గాయకుల్ని పిలిపించి వాళ్ల చోట నిలబెట్టాడు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కొత్తగా పెళ్లయినవాడికి ఒక ఏడాది ఏ భారమూ మోపొద్దంటుంది. పౌలు డేరాలు కుట్టి బతికాడు. ఇన్నేళ్లలో పాటవాడి తరఫున ఈ వాక్యాలు తీసినవాళ్లని నేను చూడలేదు.

ఇప్పటిదాకా సంఘం సంగతి. రాజ్యం సంగతి ఇంతకంటే కఠినం. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులంవాడు కాడు. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నించి మనల్ని బి.సి. 'సి' గ్రూపులో పెట్టారు. వాటా 1 శాతం. పేట అదే, కులం అదే, చుట్టాలు వాళ్లే. ఊళ్లోవాళ్లు పిలిచే పేరు కూడా అదే. ఉద్యోగం మారాలనుకున్న కుర్రాడికి సర్టిఫికెట్టు దగ్గర ఈ సంగతి తెలిసొస్తుంది. విచారణకు వచ్చినవాళ్లు చర్చికి పోతావా అని అడుగుతారు. వెనక బెంచీలో కూర్చునేవాడు ఏదో చెప్పుకుంటాడు. పెట్టె ముందు కూర్చునేవాడు ఎక్కడ దాక్కుంటాడు? మా చుట్టాల్లో ఒక కుర్రాడికి పెద్దాయన ఒకరు ఇచ్చిన సలహా: "అబ్బాయ్, నాలుగు నెలలు పెట్టె జోలికి పోబాక. కాయితం చేతికొచ్చినాక వాయించుకో." ఇది భయం తప్ప ఇంకోటి కాదనుకోకండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరిలో గుమాస్తా ఉద్యోగానికి షెడ్యూల్డ్ కులం సర్టిఫికెట్టు అడిగిన ఒకామె అర్జీ కొట్టేసింది. బాప్తిస్మంతో పాటు క్రమంగా చర్చికి వెళ్లడాన్ని కూడా తీర్పులో లెక్కలోకి తీసుకుంది. అంటే పాట ఒక తక్కెడలో, బువ్వ ఒక తక్కెడలో పెట్టింది చట్టమే. ఈ తక్కెళ్లని సరిచూసుకోమని ఒక్క మనిషికి బోధించడం అన్యాయం. నేను బి.సి. 'సి' కిందే పరీక్షలు రాశాను. అది నా ధైర్యం కాదు. మా నాన్న బడి రికార్డులో అట్లా రాయించాడు. సర్కారు ఉద్యోగం రాలేదు, కౌంటరు ఉద్యోగం వచ్చింది.

దళిత రచయితల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. డప్పు మీద మనం ఎన్నో కవితలు రాసుకున్నాం, రాసుకోవాలి. హార్మోనీ పెట్టె మీద ఎన్ని రాశాం? చర్చి పాటని పరాయీకరణ అని ఒక మాటతో తోసేశాం. జాషువాకు ఎదురైంది కూడా ఇట్లాంటిదే. అంటరానివాడికి పద్యమెందుకని ఊరు అంది. క్రైస్తవుడికి పురాణమెందుకని మనవాళ్లన్నారు. బడిపంతులుగా, మూకీ సినిమాలకు కథ చెప్పేవాడిగా, రేడియోలో ఉద్యోగిగా ఎన్ని పనులు మారితే ఆ పద్యం నిలబడిందో ఆయన జీవితమే సాక్ష్యం. కవి బతుకుతెరువుని కవిత్వం నుంచి విడదీసి చదవగూడదని ఆయన దగ్గరే నేర్చుకోవలసింది.

చివరి మాట నా మీద నేనే చెప్పుకోవాలి. ఇప్పటిదాకా నా సమయం, నా పాట, నా ఉద్యోగం అని రాశాను. పెళ్లికి ముందు మా ఆవిడ కూడా క్వయర్‌లో పాడేది. నా కంటే మంచి గొంతు. పెద్దోడు కడుపులో పడ్డాక బెంచీ దిగింది, మళ్లీ ఎక్కలేదు. నేను ఆదివారం డ్యూటీకి పోతే సంఘమంతా చర్చ జరిగింది. ఆమె మానేస్తే ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. మగవాడి పాట ఆగితే అది పరిచర్యకు నష్టం, ఆడమనిషి పాట ఆగితే అది సంసారం. వెట్టి ఊళ్లోనే ఉంటుందనుకోవడం మన తప్పు.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. గాయకుడికి, వాద్యకారుడికి సంఘం లెక్కల్లో ఒక పద్దు ఉండాలి. పసిపిల్లలున్న ఇంటికి ఏడాది విడుపు ఉండాలి, అది పాపం కాకూడదు. పెట్టె ఒక్కరికే నేర్పకుండా నలుగురికి నేర్పాలి, ఆ నలుగురిలో ఆడపిల్లలుండాలి. మూడో పేరా మీద పోరాటం బిషప్పుల మెమొరాండాలకే వదలకుండా పేటల్లో కూడా చర్చకు రావాలి. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు నాకు సెలవు. ఒకటి పెట్టె ముందు కూర్చుంటాను. రెండోది పిల్లల్ని నేను చూసుకుంటాను, ఆమె పోయి పాడుతుంది. దీన్ని సంఘం ఇంకా ఒప్పుకోలేదు. ఈ సారి సంచిక వేసేటప్పుడు ఆమె పేరు కూడా అడుగుతారేమో చూడాలి.