చెవితో చేసే పరీక్ష

ఫోన్‌లో వైద్య సలహా చెప్పే నర్సు పనిలో నన్ను కట్టిపడేసేది ఆమె ప్రశ్నల వరస. ఆమె నాడి పట్టుకోలేదు, నుదురు తాకలేదు, మొహం పాలిపోయిందో లేదో చూడలేదు. అవతలి గొంతే ఆధారం. దాంతోనే కొన్ని నిమిషాల్లో తేల్చాలి: ఈ మనిషిని ఇంట్లో ఉంచవచ్చా, పొద్దున డాక్టరుకు చూపిస్తే చాలా, ఇప్పుడే అంబులెన్సు పిలవాలా?

పది నెలల బిడ్డకు దగ్గు, ఆయాసం అని తల్లి ఫోన్ చేసిందనుకోండి. ప్రాణం మీదికి వచ్చేవి ముందు అడగాలి. పిలిస్తే పలుకుతున్నాడా? పెదాలు నీలంగా మారాయా? పాలు తాగగలుగుతున్నాడా? వీటిలో ఒక్క జవాబు తేడాగా ఉన్నా మిగతా ప్రశ్నలతో పని లేదు, వెంటనే ఆసుపత్రే. జ్వరం ఎన్నాళ్ల నుంచి అన్నది ఆ తర్వాతి మాట.

"ఆయాసం ఎక్కువగా ఉందా?" అని మంచి నర్సు అడగదు. ఎక్కువంటే ఎంతో ఆ తల్లికెలా తెలుస్తుంది? భయపడిన తల్లి అవునంటుంది, మొహమాటపడే తల్లి ఫర్వాలేదంటుంది. అందుకని, "చొక్కా పైకెత్తమ్మా. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా? పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నేను ఆపమనేదాకా లెక్కపెట్టు" అంటుంది. బిడ్డ ఏడుస్తుంటే ఆ లెక్క పనికిరాదు కాబట్టి ముందు ఊరుకోబెట్టమంటుంది. గడియారం నర్సు చూసుకుంటుంది. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఆపైన ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత. ఏడాది దాటి ఐదేళ్లలోపు పిల్లలకు అది 40. చదువు రాని తల్లి చేత కూడా ఫోన్‌లోనే ఈ కొలత తీయించవచ్చు. ఎంత పనితనం!

విరేచనాల బిడ్డ విషయంలోనూ అంతే. ఒంట్లో నీరు తగ్గిందా అని అడిగితే జవాబు రాదు. చివరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్లాడు, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా అంటే జవాబు వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది కాల్ ముగించే తీరు. అర్థమైందా అంటే అందరూ ఆఁ అంటారు. అందుకే "నేను చెప్పింది ఒకసారి మళ్లీ చెప్పమ్మా" అంటుంది. ఏ లక్షణం కనబడితే మరి ఆగకుండా బయల్దేరాలో కూడా ముందే చెప్పి పెడుతుంది. తన కంటికి కనబడనిది ఏదో మిగిలే ఉంటుందని ఎరిగిన మనిషి తీసుకునే జాగ్రత్త అది.

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఈ పనిని ఏడాది పాటు పరీక్షించి, 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. డాక్టర్ల మామూలు పనివేళలు కాని సమయాల్లో వచ్చిన 14,492 కాల్స్ లెక్కలోకి వచ్చాయి. నర్సులు ఫోన్ తీసిన వేళల్లో దాదాపు సగం కాల్స్ డాక్టరు దాకా వెళ్లకుండానే పరిష్కారమయ్యాయి, రోగులకు కీడు పెరగలేదు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో నర్సులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ డైరెక్ట్ అనే ఫోన్ సలహా సేవ మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 సలహా కేంద్రం 2007లో వచ్చింది.

ఇప్పుడు ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్య సేవ ద్వారా మన పల్లె ఆరోగ్య కేంద్రాల్లో నర్సు రోగి పక్కనే కూర్చుంటుంది, దూరాన ఉండేది డాక్టరు. అక్కడ తాకి చూసే చేతులు ఆమెవే. ఆమె సరిగ్గా చూసి సరిగ్గా చెబితేనే తెర మీది డాక్టరు సరైన మందు రాయగలడు. ఈ నేర్పుకు మన నర్సింగ్ చదువుల్లో ఇంకా పెద్ద పీట వేయాలి.

ఒక్క మాట. ఎక్కడో అమెరికాలో ఉన్న కొడుకు తల్లి గురించి ఫోన్ చేస్తే నర్సు ముందు, ఆవిడ పక్కన ఎవరున్నారని అడుగుతుంది. రోగి మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి రావడం కూడా నర్సుకు ఒక పరీక్ష ఫలితమే, అది వేరొకరి గొంతులో వినబడదు. మీరు అలాంటి నంబరుకు ఫోన్ చేసినప్పుడు, రోగి మాట్లాడగలిగితే ఫోన్ వారికే ఇవ్వండి.